విప్పుబల్ల

అంగీలు పరీక్షించే యంత్రం సమరూపి చెయ్యి మళ్ళీ ఆగింది. పట్టా మీద బారుగా కదిలిపోతున్న చలువంగీల్లోంచి ఒకదాన్ని కాలరు పట్టుకుని పైకెత్తి, గాలిలో ఒక్క క్షణం వేలాడదీసి, తాయారు బల్ల మీద పడేసింది. బల్ల అంచున ఎర్రదీపం వెలిగింది.

తాయారు అంగీని తిరగేసింది. ఉతుకుగది ఆవిరి ఇంకా బట్టని వదల్లేదు. వీపులోనూ చేతుల్లోనూ అల్లుకుపోయిన సన్నటి నీటిగొట్టాలని వేళ్ళ కొసలతో తడిమి చూసింది. చిరుగు లేదు, ఎక్కడా కారడమూ లేదు. అయితే తప్పు రొమ్ముపట్టీలోనే ఉండాలి. అక్కడ గొట్టాలుండవు, రెండు పొరల బట్ట మాత్రమే. ఆ లోపలి పొర మీద, గుండె ఉండే వైపు, ఎవరో ఒక పీతని కుట్టారు.

తుప్పురంగు దారం. ఏ పాత ఇనుపరేకునో నీళ్ళలో నానబెట్టి అద్దిన రంగు. పీత కాళ్ళు ఒక్కోటీ ఒక్కో పొడవు. ఒక డెక్క పైకెత్తి ఎవర్నో బెదిరిస్తున్నట్టుంది. కుట్లన్నీ కాస్త ఎడమకి వాలి ఉన్నాయి. ఈ చేతిని తాయారు ఎరుగును. పోయిన నెలలో ఇదే చెయ్యి చేపలబుట్ట కుట్టి పంపింది. దాన్నీ తనే విప్పింది.

విప్పుకొక్కెం తీసి మొదటి కుట్టు కిందికి దూర్చింది. దారం తెగిన చప్పుడు ఎవరికీ వినబడదు. వేలికి మాత్రం తెలుస్తుంది. కాళ్ళు ముందు, తరవాత డొప్ప, ఆఖరున ఆ ఎత్తిన డెక్క. విప్పిన దారాలు బల్ల పక్కనున్న డబ్బాలో పడ్డాయి. పని దిగేటప్పుడు ఆ డబ్బాని కొలిమిలో ఒంపాలి. చుట్టూ మిగతా విప్పుబల్లల దగ్గర ఆడవాళ్ళు తలలు వంచుకుని అదే పని చేస్తున్నారు. ఎవరూ మాట్లాడరు. మాట్లాడకూడదని నియమం లేదు, అయినా మాట్లాడరు.

గాజుపలక మీద అంగీ తొడుక్కునే మనిషి వివరం వచ్చింది. సుజల, ఎండపలకలు కడిగే జట్టు. రెండో మచ్చ. ధ్రువీకరించమని అడిగింది. తాయారు బొటనవేలు నొక్కింది. ఎర్రదీపం ఆరింది, బూడిదరంగు అంగీ మళ్ళీ పట్టా ఎక్కి తనలాంటి వందల అంగీల్లో కలిసిపోయింది.

లోకొండలో మూడో మచ్చ పడితే ఇంటిల్లిపాదీ అడుగుపొరకి వెళ్ళాలి. శిక్ష అని ఎవరూ అనరు, మార్పిడి అంటారు. చల్లనీళ్ళు పైపొరలన్నీ తిరిగి, అందరి ఒంటి వేడీ మోసుకుని, ఆఖరున అడుగుపొరకి దిగుతాయి. అప్పటికి వాటిలో చలువ మిగలదు. బయటి ఎండలో మనిషి కాసేపు కూడా నిలవలేని రోజులు మొదలై, జనం తీరం వదిలి ఈ కొండ కడుపులోకి వచ్చాక పుట్టిన పిల్లలకి ఆ నీళ్ళ దారే ఊరి పటం. ఎవరిల్లు ఎక్కడంటే నీళ్ళు ఎప్పుడొస్తాయో చెబుతారు.

సుజల తల్లి తాయారుకి తెలుసు. పేరు నూకరత్నం, అంబలిసాలలో వడ్డిస్తుంది. ఆ కుట్టు కూతురిది కాదు, తల్లిది. తాయారు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పమని సమరూపి అడగలేదు కూడా. దానికి కుట్టిన చెయ్యితో పనిలేదు, తొడుక్కున్న ఒళ్ళే కావాలి.

పని దిగి అంబలిసాలకి వెళ్ళేసరికి జనం పలచబడ్డారు. నూకరత్నం గరిటె కడుగుతోంది. తాయారుని చూసి మొహం కాస్త పక్కకి తిప్పుకుంది.

"రెండో మచ్చ పడింది రత్నం" అంది తాయారు బల్ల మీదికి వంగి. "నా చేత్తోనే వేశాను. ఇంక ఆపు."

"తెలుసప్పా. పీతని నువ్వే విప్పుంటావని అనుకున్నాను." నూకరత్నం గొంతులో కోపం లేదు. ముంతలో అంబలి పోసి ముందుకి జరిపింది. "జాగ్రత్తగా విప్పేవా?"

తాయారు గొంతు తగ్గించింది.

"పిల్లకి దగ్గు తగ్గలేదన్నావు కదా. అడుగుపొరలో ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. ఒక బొమ్మ కోసమా ఇదంతా?"

నూకరత్నం గరిటె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. "పోయిన ఎండల్లో దుమ్ముగాలి లేచినప్పుడు మా కొడుకు పలకల మీదే ఉన్నాడు గదా. మొయ్యడానికెళ్ళినోళ్ళు తెచ్చి వరసగా పడుకోబెట్టేరు. మొహాలకి ముసుగులు. అందరివీ ఒకటే అంగీలు. నంబరు చదివే గాజుపలక గాలికి పాడయిందన్నారు. మీరే చూసుకోండన్నారు. ఒక్కొక్కరి ముసుగే ఎత్తి చూసేను. ఒక మొహం చూసి, అమ్మయ్య, మావోడు కాదని ఊపిరి తీసుకున్నాను. నా పక్కన నిలబడ్డావిడ అప్పుడే ఏడుపు అందుకుంది." ఆమె గరిటె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఆ ఊపిరి తీసుకోడం ఉంది చూడు, అది నన్ను నిద్రపోనియ్యదప్పా."

తాయారు ముంత పట్టుకుంది గాని తాగలేదు.

"ఇప్పుడు పిల్ల వెళ్తోంది ఆ పలకల మీదికే. గుర్తుకని లోపల ఒక చుక్క కుట్టేను. గుర్తుకి చుక్క చాలు, నాకూ తెలుసు. కానీ కుట్టి చూస్తే ఆ చుక్కకి కాళ్ళొచ్చేయి." నూకరత్నం కొద్దిగా నవ్వింది. "కుడుతున్నంతసేపూ ఈ కొండ నా నెత్తిమీద ఉన్నట్టుండదు. నీకెప్పుడూ అలా అనిపించలేదా? అంత మంచి చెయ్యి నీది. నువ్వేటీ కుట్టవా?"

"నేను విప్పుతాను" అంది తాయారు. "అడిగి మరీ తీసుకున్నాను ఈ పని. మా అన్న భుజం మీద ఇటుకరంగు తువ్వాలుందని పొడిచి చంపారు. ఆ రంగులన్నీ విప్పించేశాకే ఈ ఊళ్ళో మనుషులు ఒకరి పక్కన ఒకరు కూర్చుని తింటున్నారు. నీకు గుర్తులేదేమో, నాకుంది."

అంబలి అలాగే వదిలేసి వచ్చేసింది.

ఆమె చెప్పింది నిజమే. లోకొండలో మొదటి ఏళ్ళలో నీటిగొట్టం దగ్గర ఊరికో గుంపు కాపలా కాసేది. ఒక ఊరివాళ్ళకి ఇటుకరంగు తువ్వాలు, ఇంకో ఊరివాళ్ళకి ముదురాకుపచ్చ. ఎవరు నీళ్ళు పట్టుకోవాలో తువ్వాలు చెప్పేది. అన్న సన్యాసిరావుకి కొట్లాటలంటే భయం. బిందె తీసుకుని వెళ్ళాడు. తాయారు వెళ్ళేసరికి బిందె ఒకచోట, మనిషి ఒకచోట పడి ఉన్నారు. ఆ తరవాత సమితి ఏర్పడింది, సమరూపి వచ్చింది, అందరికీ ఒకే బూడిదరంగు వచ్చింది. నిజంగానే చావులు ఆగిపోయాయి. విప్పుకొక్కెం పట్టుకున్న మొదటిరోజు తాయారు అన్న పేరు మనసులో అనుకుని పని మొదలెట్టింది.

అందుకే నూకరత్నం మీద అంత కోపం వచ్చింది. ఆ కోపం పడుకునేదాకా తగ్గలేదు. పడుకున్నాక, ఆమె అడిగిన మాట ఒక్కటే మిగిలింది. జాగ్రత్తగా విప్పేవా?

*

కాలం మారే రోజులు దగ్గరపడ్డాయి. కొండలోకి చొరబడే దుమ్ము వల్ల సమరూపి కంటికి ఏడాది తిరిగేసరికి మసక కమ్ముతుంది. అప్పుడు దానికి అంగీ అంటే ఏమిటో మళ్ళీ నేర్పాలి. అది తను చూసిన అంగీల నుంచే నేర్చుకుంటే తన తప్పులే తనకి ఒప్పులవుతాయని, మనిషి చేత్తో కుట్టిన అంగీనే నమూనాగా చూపించాలని దాన్ని కట్టినవాళ్ళు నియమం పెట్టారు. చాలాకాలంగా ఆ నమూనా కుట్టేది తాయారే. సమరూపి బాగోగులు చూసే జోగినాథం గారికి ఆమె కుట్టంటే గౌరవం.

"మళ్ళీ పనిలోకి వచ్చినప్పుడు మొదలెడదామండీ" అన్నాడాయన, పట్టా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కంటి అద్దం తుడుస్తూ. ఆయన సన్నగా, ఎప్పుడూ ఏదో చప్పుడు కోసం వింటున్నట్టు ఉంటాడు. "రేపు సాయంత్రం జట్లు బయటికి వెళ్ళకముందే నేర్పడం పూర్తవ్వాలి. నమూనా సిద్ధమేనా?"

"సిద్ధమేనండి. ఈసారీ ఒకటే చూపిస్తామా?"

"ఒకటే చూపించాలి. మీకు తెలీదు కదా, మీకంటే ముందు ఒకావిడ ఉండేది. ఎడమచేతి వాటం. చెయ్యి నొప్పెట్టి సగంలో ఆపేస్తే ఇంకొకామె ఇంకో నమూనా కుట్టింది. మా గురువుగారు రెండూ చూపించేశారు. చేతి అంచు మడత ఒకదాంట్లో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంది. దాంతో ఇది ఏమనుకుందంటే," ఆయన సమరూపి చేతిని గుడ్డతో చిన్నగా తట్టాడు, "అంచు మడత ఎలా ఉన్నా పరవాలేదు కాబోలు అనుకుంది. ఆ ఏడంతా అంచులు చూడ్డమే మానేసింది. ఒకటి చూపిస్తే అదే నియమం. తేడాగా రెండు చూపిస్తే, తేడా ఉన్నచోట నియమం లేదనుకుంటుంది."

"అది తప్పని మళ్ళీ చెప్పలేదా?"

"తప్పేముందండీ? మనం చూపించిందే అది నేర్చుకుంది." ఆయన నవ్వి లేచాడు.

తాయారు తన బల్ల దగ్గరికి వెళ్ళింది. కూర్చుందో లేదో సమరూపి చెయ్యి ఆగింది. అంగీ పడింది. ఎర్రదీపం.

తిరగేసింది. తను విప్పిన పీతే. పాత సూదిబెజ్జాల్లోంచే మళ్ళీ కుట్టారు, అవే కాళ్ళు, అదే ఎత్తిన డెక్క. కానీ ఈసారి పక్కన ఇంకో పీత ఉంది. చిన్నది, డొప్ప సొట్టపోయి ఉంది. ఆ కుట్లు ఎడమకి వాలలేదు. పొడుగ్గా, తడబడుతూ, ఒకచోట ముడిపడి, విడదీసుకుని మళ్ళీ ముందుకెళ్ళాయి. ఇది నేర్చుకుంటున్న చెయ్యి. ఇది సుజల చెయ్యి.

గాజుపలక అడిగింది: మూడో మచ్చ. ధ్రువీకరించు.

తాయారు బొటనవేలు గాజు దగ్గరదాకా వెళ్ళి ఆగింది. పక్క బల్లలో ఆవిడ దగ్గింది. జోగినాథం గారు పట్టా అవతలి కొసన ఏదో మర బిగిస్తున్నాడు. దీపం వెలుగుతోంది. ఎక్కువసేపు వెలిగితే ఆయన తలెత్తి చూస్తాడు.

మచ్చ గుర్తు పక్కన ఇంకో గుర్తుంది. గొట్టం చిరుగు. చిరిగిన అంగీని మర్నాటి పనిదాకా బల్ల దగ్గరే ఉంచుకోవచ్చు, బాగుచేసి పట్టా మీద పెట్టాలి. పెట్టినప్పుడు సమరూపి మళ్ళీ చూస్తుంది. తప్పు అప్పటికీ ఉంటే మచ్చ సుజలకి పడదు. చిరుగని అబద్ధం చెప్పిన మనిషికి పడుతుంది, పేరుతో సహా సమితికి వెళ్తుంది.

తాయారు చిరుగు నొక్కింది. దీపం ఆరింది. అంగీని మడిచి బల్ల కింది అరలో పెట్టింది.

పని దిగేటప్పుడు, మిగతా అంగీల్లోంచి విప్పగా డబ్బాలో పడ్డ దారాలని కొలిమిలో ఒంపలేదు. కొంగులో కట్టుకుంది.

*

లోకొండ మిట్టమధ్యాహ్నం నిద్రపోతుంది. బయట రాళ్ళు పగిలే వేళ అది. పైపొరల్లో దీపాలు తగ్గించేస్తారు, గొట్టాల్లో నీళ్ళు పారే చప్పుడు తప్ప ఏమీ వినబడదు.

తాయారు గది తలుపు వేసి, పెట్టెలోంచి పాత నమూనాలు తీసింది. ప్రతి ఏడూ ఒకటి, అన్నీ తన చేతి కుట్టే. పని అయిపోయాక ఆమెకే ఇచ్చేస్తారు. మంచం మీద పరిచి చూస్తే అవి ఒకదాని పక్కన ఒకటి, ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ పడుకున్నట్టున్నాయి. వాటి అడుగున, సాధన కోసం కుట్టి సమరూపికి ఎప్పుడూ చూపించనివి మూడున్నాయి, వాటిని పక్కకి తీసింది. కొంగు విప్పింది. తుప్పురంగు, పసుపు, బొగ్గుతో అద్దిన నలుపు, దోమతెర నుంచి లాగిన ఆకుపచ్చ. చిక్కులు తీసి రంగుకి రంగు విడదీసింది. సూదిలో దారం ఎక్కించింది.

అక్కడ ఆగిపోయింది.

ఏం కుట్టాలో ఆమెకి తెలియలేదు. రొమ్ముపట్టీ తిరగేసి సూది గుచ్చితే చెయ్యి దానంతటది ఎడమకి వాలింది. అది నూకరత్నం కుట్టు. విప్పేసింది. మళ్ళీ గుచ్చితే నడక మారింది. ఎప్పుడో ఎవరో కుట్టిన జడగంటలు, ఆ గంటల కుట్టది. దాన్నీ విప్పింది. ఇన్నేళ్ళుగా తన వేళ్ళకింద విడిపోయిన వాళ్ళందరి కుట్లూ ఆ వేళ్ళలో ఉన్నాయి. తనదంటూ ఒక్కటి లేదు. భయం వేసింది. పట్టుబడతానన్న భయం కాదది. ఇంత బతుకూ బతికి కుట్టడానికి తన దగ్గర ఏమీ లేదేమోనన్న భయం.

ఎదురుగా గోడకి ఒక పగులుంది. రోజూ నిద్రపట్టనప్పుడు పడుకుని చూసే పగులు. పైనుంచి దిగి, ఒకచోట రెండుగా చీలి, ఒక పాయ నేలదాకా రాకుండానే ఆగిపోతుంది. ఎందుకో తెలియకుండానే నల్లదారంతో దాన్ని కుట్టడం మొదలెట్టింది. చూసి కుట్టడానికి కష్టంగా ఉంది. సమానంగా కుట్టడానికి అలవాటుపడ్డ చెయ్యి వంకరకి ఒప్పుకోలేదు. ఒక కుట్టు పొట్టిగా, ఒకటి పొడుగ్గా వెయ్యడానికి ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. చీలిక దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టడం మరిచిపోయింది.

రెండో అంగీ మీద మేకని కుట్టింది. తీరంలో ఉన్నప్పుడు వాళ్ళింట్లో ఉండేది. సన్యాసిరావు లెక్కల పుస్తకం నమిలేసింది, వాడు బడికెళ్ళకుండా తప్పించుకున్నాడు. పసుపు మేక, ఆకుపచ్చ కళ్ళు, నోట్లో కాగితం. మేక మొహం సరిగా రాలేదు. కుక్కలా వచ్చింది. తాయారుకి నవ్వొచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకుని, చప్పుడు బయటికి పోకుండా, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తరవాత ఆ నీళ్ళు కాసేపు ఆగలేదు.

మూడోదాని మీద ఏం కుడుతున్నానని ఆలోచించలేదు. చేతికి దొరికిన రంగల్లా వేసుకుంటూ పోయింది, చిన్న చిన్న గళ్ళుగా, ఒకదానికొకటి ఒరుసుకుంటూ. పూర్తయ్యాక దూరంగా పట్టుకుని చూస్తే మధ్యలో అక్కడక్కడ ఇటుకరంగు ఉంది. తుప్పుకి పసుపు కలిసి వచ్చింది. తువ్వాళ్ళ గొడవ తరవాత ఆమె ఆ రంగు వైపు చూసింది లేదు. ఇప్పుడు అది పచ్చ పక్కన, నలుపు పక్కన, ఎవరి జోలికీ పోకుండా మామూలుగా ఉంది.

*

"ఇదేంటండీ?" అన్నాడు జోగినాథం గారు.

నమూనా చట్రం మీద తాయారు మొదటి అంగీ బిగించింది. సమరూపి గుండ్రటి కన్ను దాని మీద నెమ్మదిగా పాకుతోంది. రొమ్ముపట్టీ లోపలి పొర తిరగేసి చూపించేటప్పుడు నల్లటి పగులు ఆయన కంటపడింది.

"నమూనా."

"తాయారు గారూ, తీసెయ్యండి." ఆయన గొంతు తగ్గించాడు. విప్పుబల్లల దగ్గర ఆడవాళ్ళు అప్పుడే వచ్చి కూర్చుంటున్నారు. "ఇదే నియమం అయిపోతుంది. కొండలో ఉన్న అంగీలన్నీ తప్పంటుంది. అందరికీ మచ్చలు పడతాయి."

"ఒకటే చూపిస్తే పడతాయి" అంది తాయారు.

అప్పుడాయనకి అర్థమైంది. చట్రం మీద నేర్పడం పూర్తయింది. ఇంకో నమూనా ఉందా అని సమరూపి అడిగింది. ఏటా అడిగే ప్రశ్నే. ఏటా ఆయన లేదని నొక్కేవాడు. ఇప్పుడు ఆయన వేలు లేదన్న గుర్తు వైపు వెళ్ళింది.

"మీరు నొక్కితే నేనేం చెయ్యలేను" అంది తాయారు. "కానీ నొక్కితే మీరన్నట్టే అవుతుంది. మిగతావి చూపించనివ్వండి. నివేదిక రాసుకోండి, నా పేరు పెట్టండి. నేను కాదనను."

"రాస్తానండీ" అన్నాడాయన. దాపరికం లేకుండా చెప్పాడు. "రాయక తప్పదు నాకు. నాకూ పిల్లలున్నారు." వేలు మాత్రం వెనక్కి తీసుకున్నాడు.

తాయారు మేకని పెట్టింది. తరవాత గళ్ళ అంగీ. ఆఖరున ఈ ఏటి నమూనా, ఏమీ కుట్టని ఉత్త బూడిదరంగు అంగీ. అది కూడా ఒకరి ఇష్టం అయ్యుండొచ్చు కదా అనుకుంది.

సమరూపి చాలాసేపు కదల్లేదు. బల్లల దగ్గర ఆడవాళ్ళు తలెత్తి చూస్తున్నారు. గాజుపలక మీద అంగీ బొమ్మ వచ్చింది. వీపు గొట్టాలు, చేతి గొట్టాలు, కాలరు, మడతలు, ఒక్కోదానికీ నియమం వరసగా వచ్చి చేరింది. రొమ్ముపట్టీ దగ్గర ఖాళీ గడి వచ్చింది. దాని పక్కన ఒక్క వాక్యం: ఇక్కడ నియమం లేదు.

పట్టా కదిలింది.

తాయారు బల్ల కింది అరలోంచి సుజల అంగీ తీసి, మడత విప్పి, తనే పట్టా మీద పెట్టింది. సమరూపి చెయ్యి దాని మీదికి వచ్చింది. గొట్టాలు తడిమింది. కాలరు చూసింది. రొమ్ముపట్టీ మీదుగా వెళ్ళింది. ఆగలేదు. రెండు పీతలూ అంగీలోనే ఉండి ముందుకి వెళ్ళిపోయాయి.

జోగినాథం గారు మాటిచ్చినట్టే నివేదిక పంపాడు. సమరూపి దాన్ని వెనక్కి పంపింది, తప్పు కనబడలేదని. ఆయన మళ్ళీ రాసి, ఈసారి నేరుగా సమితికి పంపాడు.

సమితి పెద్ద వసుంధర వచ్చేసరికి జట్లు బయటికి బయలుదేరే వేళయింది. చేతికర్రతో నెమ్మదిగా నడుస్తూ వచ్చింది. నీటిగొట్టం దగ్గర చావులు ఆగాలని అప్పట్లో ఇంటింటికీ తిరిగి తువ్వాళ్ళు విప్పించిన మనిషి ఆవిడే. ఆవిడంటే తాయారుకి ఇప్పటికీ గౌరవం పోలేదు.

"సన్యాసిరావు చెల్లెలివి నువ్వు" అందావిడ, చట్రం పక్కనున్న అంగీలని కర్రతో చూపిస్తూ. "మిగతావాళ్ళెవరైనా చేస్తే నాకర్థమయ్యేది. మళ్ళీ ఆ రోజులు రావాలనా?"

"మా అన్న ఆ తువ్వాలు ఎంచుకోలేదమ్మా" అంది తాయారు. "అందరికీ కట్టారు, వాడికీ కట్టారు. పొడిచినవాడికి మా అన్న కనబడలేదు. తువ్వాలే కనబడింది. అదీ ఒకే రంగే కదమ్మా. ఇన్నాళ్ళూ నేనది ఆలోచించలేదు. పోయిన ఎండల్లో చచ్చిపోయినవాళ్ళని వరసగా పడుకోబెడితే ఇంటివాళ్ళే పోల్చుకోలేకపోయారు. అప్పుడూ అంగీలే కనబడ్డాయి."

"మనుషులు రేపు అవే బొమ్మలతో గుంపులు కడతారు."

"కట్టొచ్చు. కట్టరని నేను చెప్పలేను."

ఆ జవాబు వసుంధర ఊహించలేదు. ఆవిడ జోగినాథం వైపు తిరిగింది. "దీన్ని మళ్ళీ మొదటికి తీసుకురండి. ఉత్త అంగీ ఒక్కటే చూపించండి."

"పాత నమూనాలు చెల్లవమ్మా. ఒకసారి చూపించినదాన్ని మళ్ళీ తీసుకోదు" అన్నాడాయన నేల చూపులు చూస్తూ. "కొత్తది కావాలి. చేత్తో కుట్టిందే కావాలి."

"అయితే కుట్టు" అంది వసుంధర, తాయారుతో. "ఇది చక్కబడితే నీ సంగతి నేను మాట్లాడతాను. అడుగుపొరకి పోనక్కర్లేదు."

తాయారు తన చేతులు చూసుకుంది. మధ్యాహ్నం సూది గుచ్చుకుని చూపుడువేలు కొస కమిలి ఉంది. అడుగుపొర ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. అక్కడి గోడల మీద తడి, ఆ ఊపిరాడనితనం, పిల్లలు మధ్యాహ్నాలు నిద్రపోలేక పెట్టే ఆ సన్నటి మూలుగు.

"కుట్టనమ్మా" అంది.

వసుంధర బలవంతపెట్టలేదు. సరేనన్నట్టు తలాడించి, విప్పుబల్లల వైపు తిరిగింది. కొండ మొత్తంలో సూది చేతపట్టడం వచ్చినవాళ్ళు ఆ గదిలో ఉన్నారు, లేకపోతే ఎవరికీ కనబడకుండా రొమ్ముపట్టీల లోపల కుట్టుకుంటున్న ఇళ్ళలో ఉన్నారు.

"మీలో నమూనా కుట్టగలవాళ్ళు ఎవరు?"

పట్టా కదులుతూనే ఉంది. అంగీలు ఒక్కొక్కటే సమరూపి చేతి కింది నుంచి వెళ్ళిపోతున్నాయి. ఏ బల్ల మీదా దీపం వెలగలేదు. పక్క బల్లావిడ విప్పుకొక్కెం తీసి, బల్ల మధ్యలో పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో దాచుకుంది. ఆమె అవతలి ఆమె కూడా. వసుంధర కర్ర మీద బరువు మోపి, జవాబు కోసం నిలబడే ఉంది.